తొట్టి చిన్నది, నురగ పెద్దది

అగ్నిమాపక శకటం మోసుకెళ్లే నీరు ఎప్పుడూ స్వల్పమే. అమెరికా జాతీయ అగ్ని రక్షణ సంఘం ప్రమాణం పంపు శకటానికి విధించిన కనీస తొట్టి 300 గ్యాలన్లు, అంటే సుమారు 1,135 లీటర్లు కాగా, నిమిషానికి 150 గ్యాలన్లు చిమ్మే ఒక్క గొట్టం దానిని రెండు నిమిషాల్లో ఖాళీ చేయగలదు. పట్టణాల్లో హైడ్రెంట్, అనగా వీధి జలనాళం, ఈ లోటును పూడ్చినా అడవుల్లో ఆ ఆసరా లేదు. 1970వ దశకంలో టెక్సస్ అటవీ శాఖ, కాగితపు పరిశ్రమలో ఉపఫలంగా లభించే పైన్ సబ్బును నీటిలో కలిపి, ఆ ద్రావణంలోకి సంపీడిత వాయువును, అంటే ఒత్తిడితో కుదించిన గాలిని పంపి దట్టమైన నురగను తయారుచేసింది. దీనికి ‘టెక్సస్ స్నో జాబ్’ అనే పేరు స్థిరపడింది. ఆంగ్లంలో ‘స్నో జాబ్’ అనే మాటకు బుకాయింపు అనే అర్థమూ ఉండడం చమత్కారమే. సబ్బు నీటి తలతన్యతను తగ్గించడం వల్ల తేమ కట్టెలోకి ఇంకుతుంది, బుడగలు నిలువు గోడలను సైతం అంటిపెట్టుకుంటాయి, గాలి నిండిన గొట్టం మోయడానికి తేలికవుతుంది. అమెరికాలోని యెల్లోస్టోన్ జాతీయ వనంలో 1988 నాటి కార్చిచ్చులో ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ అనే విడిదిని కాపాడే ప్రయత్నాల్లో ఈ నురగ పూత ఉపయోగపడింది. అయితే నురగ ద్రవం అయిపోతే నీరు, గాలి ఒకదానితో ఒకటి కలవక గొట్టం తీవ్రమైన కుదుపులకు లోనవుతుంది.