క్లైవు నిధి - తెలంగా సిపాయి

వంగదేశంలోను, హిందుస్థానంలోను ఒకప్పుడు ‘తెలంగా’ అంటే కుంఫిణీ సిపాయి అని అర్థం. 1756 అక్టోబరులో మద్రాసున ఓడలెక్కి, 1757 జనవరి 2వ తేదీన కలకత్తాను తిరిగి పట్టుకొన్న క్లైవు, వాట్సనుల బలగంలో దక్షిణాది సిపాయిలు పెక్కుమంది ఉన్నారు. దొరల కవాతు నేర్చిన ఆ కాల్బలానికి ఉత్తరాదివారు తెలుగుదేశపు పేరు పెట్టినారు. తరువాత ఆ పటాలాలలో బీహారువారు, అవధువారు నిండినా పేరు మారలేదు. 1857లో ఢిల్లీ చేరిన తిరుగుబాటుదారులను గూడ ఉర్దూ రచయితలు తిలంగాలనే వ్యవహరించినారు. ఈ విధంగా మన జాతినామం సిపాయికి సామాన్యనామమైనది. అయితే ఆ సిపాయి వార్ధక్యంలో ఏమైనాడు? అతని పోషణకై ఏర్పడిన ధనాన్ని ఎవరు పరీక్షించినారు?

ఈ ప్రశ్నకు క్లైవు నిధి చరిత్రలో కొంత సమాధానం దొరుకుతుంది. 1765లో మరణించిన నవాబు మీర్ జాఫరు క్లైవుకు 5 లక్షల రూపాయలు విడిచిపోయినాడు. ఉద్యోగులు కానుకలు పుచ్చుకొనరాదని కుంఫిణీ శాసించిన కాలమది. క్లైవు ఆ సొమ్మును స్వంతానికి వాడుకొనక, సేవలో వికలాంగులైనవారికి, వారి వితంతువులకు నిధిగా ఏర్పరచినాడు. నవాబు సైఫుద్దౌలా మరి 3 లక్షలు చేర్చినాడు. 1770లో ఒడంబడిక పత్రం పుట్టినది. దానం గొప్పదే. కాని దాని ఫలం ఐరోపా జాతుల సైనికులకు మాత్రమే. కలకత్తాను గెలిచి యిచ్చిన తెలంగాకు అందులో భాగం లేదు. ఇక ధర్మకర్త ఎవరు? కుంఫిణీయే. సైనికుని కొలువులో పెట్టుకొన్నదీ, అతడు అశక్తుడని తేల్చినదీ, భృతి కొలిచి యిచ్చినదీ ఒకే సంస్థ. యజమానికీ, ధర్మకర్తకూ, న్యాయనిర్ణేతకూ భేదం లేనిచోట అర్జీదారుడు ఎవరికి మొరపెట్టుకోగలడు?

దేశీయ సిపాయికి వేరొక మార్గం కల్పించినారు. భాగల్పూరు మొదలైన బీహారు జిల్లాలలో అశక్తులైన సిపాయిలకు బంజరు భూములను జాగీరులుగా పంచిపెట్టినారు. ఆ గ్రామాలను ‘ఇన్‌వాలిడ్ ఠాణా’లన్నారు. ముసలి సిపాయికి జీవనం లభించినమాట నిజం. అడవి కొట్టించి, కొండజాతుల సరిహద్దున నమ్మకమైన జనాన్ని నిలుపుకొనడం కుంఫిణీకి లభించిన లాభం. 1804 నాటి మొదటి రెగ్యులేషను ఈ జాగీరుల నియమాలను చర్చించింది. అయితే వాటిపై పెత్తనం చేసిన సైనికోద్యోగిగాని, జిల్లా కలెక్టరుగాని కుంఫిణీ జీతగాండ్రే. చట్టం వ్రాతలో ఉన్నది. చట్టం నడచినదో లేదో చూడగల అన్యుడు లేడు.

అన్యుని కన్ను ఎంత అవసరమో, దానిని సహించడం అధికారులకు ఎంత కష్టమో అదే కాలంలో ఇంగ్లండు చూచినది. వృద్ధనావికుల కొరకు వెలసిన గ్రీనిచ్ ఆశ్రమంలో ఉపాధ్యక్షుడైన కెప్టెన్ థామస్ బెయిలీ అక్కడి అక్రమాలను 1778లో ఒక గ్రంథంగా అచ్చు వేయించినాడు. నావికులకు చెందవలసిన పదవులలో రాజకీయాశ్రితులను నింపుతున్నారన్నది ఆయన ప్రధానాభియోగం. ఆశ్రమోద్యోగులు పరువునష్టం వ్యాజ్యం తెచ్చినారు. యువకుడైన న్యాయవాది ఎర్స్కిన్ నిర్భయంగా వాదించి ఆయనను గెలిపించినాడు. వ్యాజ్యం గెలిచినా బెయిలీకి ఉద్యోగం దక్కలేదు. లోపలివాడు నిజం చెప్పవలెనంటే బ్రతుకు పోగొట్టుకొనవలసి వచ్చినదన్నమాట.

క్లైవు నిధి ముగింపు మరింత విచిత్రం. కుంఫిణీ తన సైన్యాన్ని పోషించడం మానివేస్తే సొమ్ము క్లైవు వారసులకు మరల చెందవలెనని 1770 పత్రంలో ఒక షరతు ఉన్నది. 1858లో పరిపాలన రాణి చేతికి పోగా వారసులు కోర్టుకెక్కినారు. 1863లో బ్రిటిషు ప్రభువులసభ తీర్పు వారికే అనుకూలమైనది. న్యాయశాస్త్రం దృష్టిలో అది సరియైన తీర్పే కావచ్చు. కాని వంగదేశపు రైతు పన్నుతో నిండిన ముర్షిదాబాదు ఖజానాలోని ధనం దాదాపు శతాబ్దం గడచిన పిదప ఇంగ్లండులోని ఒక కుటుంబానికి చేరినది! ఆ వ్యాజ్యంలో రైతు పక్షాన గాని, తెలంగా పక్షాన గాని నిలిచినవారు లేరు.

స్వతంత్ర భారతంలో పరిస్థితి చాలవరకు మారినదని ఒప్పుకొనవలె. మాజీ సైనికుల సంక్షేమానికి కేంద్ర, రాష్ట్ర, జిల్లా సైనిక బోర్డులున్నవి. ప్రభుత్వ వ్యయాన్ని రాజ్యాంగబద్ధుడైన ఆడిటర్ జనరల్ పరిశీలిస్తాడు. 2007 చట్టం ననుసరించి సాయుధదళాల ట్రిబ్యునల్ ఏర్పడి, కలకత్తాలో గూడ దాని పీఠం పనిచేస్తున్నది. పింఛను విషయంలో అన్యాయం జరిగిన సిపాయి నేడు ప్రభుత్వాన్నే ప్రతివాదిగా నిలుపవచ్చును. కుంఫిణీనాటి సిపాయికి ఈ అవకాశం లేదు. అయినా లెక్కల పరీక్ష వేరు, మనిషి పరామర్శ వేరు. ఆశ్రమంలో మంచం పట్టిన వృద్ధునికి వేళకు అన్నం పెట్టినారా, పుండుకు కట్టు మార్చినారా అన్నది పద్దులలో కనబడదు. ట్రిబ్యునలుకు వెళ్ళే ఓపిక అతనికి ఉండదు. చెప్పకుండా వచ్చి, అతనితో ఏకాంతంగా మాట్లాడి, చూచినది ప్రకటించగల తనిఖీదారు కావలె. ఆ తనిఖీదారు ఆశ్రమం నడిపేవారి క్రింది ఉద్యోగి కారాదు.

సిపాయి యుద్ధాలను గురించి మన భాషలలో వీరగాథలకు కొదువలేదు. అతని వార్ధక్యం మాత్రం కచేరీ కాగితాలకే మిగిలినది. తెలంగా అన్న పేరు మనది గనుక, ఆ కాగితాలు విప్పి చదివే పూనిక తెలుగు రచయితలకు మొదటగా కలుగవలసి ఉన్నది.