గీత లేని చోటు

కంప్యూటరు కేంద్రములలో సర్వరులనెడి యంత్రములు రాత్రింబవళ్లు పని చేయుచుండును. అవి సరిగా నడచుచున్నవా లేదా అని మరొక ప్రోగ్రాము నిమిషమునకొకసారి విచారించి, సమయము వేసి, ఒక పంక్తి వ్రాసిపెట్టును. ఈ పంక్తుల వరుసను లాగ్ అందురు. ఒకచోట పది నిమిషముల పంక్తులే కనిపించలేదనుకొందము. ఆగినది సర్వరా, లేక వ్రాసెడి ప్రోగ్రామా? పంక్తి లేదన్నంత మాత్రమున ఏమియు జరుగలేదనవచ్చునా? ఈ చిక్కు కంప్యూటరులతో పుట్టినది కాదు. భూమి కదలికలను నమోదు చేయువారికి ఇది నూరేండ్లకు పైబడిన పరిచయము.

1889లో జర్మనీలో ఎర్నెస్ట్ ఫాన్ రెబెర్ పాష్విట్జ్ అను శాస్త్రజ్ఞుడు క్షితిజ లోలకములను అమర్చి, నేల యొక్క అతి స్వల్పమైన వంపులను కొలుచుచుండెను. లోలకమునుండి ప్రతిఫలించిన వెలుగు చుక్క, తిరుగుచున్న ఫోటో కాగితముపై గీత గీయును. ఆ ఏప్రిల్ నెలలో పాట్స్‌డామ్, విల్‌హెల్మ్స్‌హావెన్ అను రెండు చోట్లను గీత ఒకేసారి చెదరినది. కొంతకాలమునకు ఏప్రిల్ 18న టోకియోలో వచ్చిన భూకంపమును గూర్చి ఒక పత్రికలో చదివి, కాలములను సరిచూచి, తన కాగితముపై పడినది ఆ కంపమేనని అతడు గుర్తించెను. దూరదేశపు భూకంపమును పరికరము వ్రాసిన పట్టీలో గుర్తించుట అదే మొదలు.

ఆ కాగితములో ఒక విశేషమున్నది. నేల కదలనప్పుడు తిన్నని గీత పడును. దీపము ఆరినప్పుడు గీతయే పడదు. నిశ్చలత వేరు, నమోదు లేకపోవుట వేరు. ఈ రెండును కంటికి వేరువేరుగా కనబడుచుండెను.

మన దేశపు భూగర్భ పరిశోధన శాఖలో పనిచేసిన ఆర్. డి. ఓల్డామ్, 1897 జూన్ 12 నాటి అస్సాము భూకంపమును పరిశోధించెను. దూరపు కేంద్రముల పట్టీలను పోల్చి, 1900లో మూడు విధములైన తరంగములను వేరుచేసి చూపెను. 1906లో భూమికి ప్రత్యేకమైన కేంద్రగర్భము కలదని నిరూపించెను. పట్టీలను జాగ్రత్తగా చదువుటయే ఆయనకు ఆధారము.

ఇక మన నగరమునకు వత్తము. గోల్నాక నుండి ఉస్మానియా విశ్వవిద్యాలయ ఆవరణ మీదుగా తార్నాక చేరి, ఉప్పల్ దారి పట్టినచో జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ వచ్చును. అది 1961లో స్థాపితమైనది. ఈ సంస్థలోని భూకంప కేంద్రము 1989లో ఫ్రాన్సు వారి జియోస్కోప్ శ్రేణిలో చేరినది. ప్రపంచమంతట దాని సంకేతము మూడక్షరములు: హెచ్, వై, బి.

నమోదు లేకపోవుటను నిశ్చలతగా భావించినచో ఏమగునో 1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున తెలిసినది. హైదరాబాదునకు పడమట సుమారు 200 కిలోమీటర్ల దూరమున, మహారాష్ట్రలోని కిల్లారి ప్రాంతము భూకంపమునకు కూలిపోయినది. ఏడు వేలకు పైగా జనులు మరణించిరి. 1956 వరకు అది హైదరాబాదు రాష్ట్రములోని సీమయే. నాటి భూకంప మండలముల పటములో ఆ చోటు అతి తక్కువ ప్రమాదము గల ఒకటవ మండలములో ఉండెను. అక్కడ పెద్ద కంపములు వచ్చినట్లు నమోదు లేదు; కాని పరికరముల నమోదు వయస్సు నూరేండ్లే. నేల లోపలి భ్రంశములకు వేల యేండ్లు కూడ స్వల్పకాలమే. 2002లో పటమును సవరించినప్పుడు ఒకటవ మండలమునే తీసివేసిరి.

నేడు కాగితము పోయి అంకెలు వచ్చినవి. సెకనుకు 20 కొలతలు తీయు పరికరము రోజుకు 17,28,000 సంఖ్యలు వ్రాయును. వీటిని కంటితో చదువుట అసాధ్యము. అందుచేత పైథాన్ భాషలో అబ్స్‌పై అను ప్రోగ్రాముల భాండారమును మ్యూనిచ్ విశ్వవిద్యాలయము వారు నిర్మించి 2010లో ప్రకటించిరి. అది పట్టీని చదివి, ఏ ఖాళీ ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగిసినదో చెప్పగలదు. ముక్కలను కలుపునప్పుడు ఆ ఖాళీలను ఖాళీలుగానే గుర్తుపెట్టి ఉంచును. కావలెనన్నచో వాటిలో సున్నలు నింపును. ప్రమాదమంతయు ఇక్కడనే ఉన్నది. సున్న పెట్టగానే ఆరిన దీపము తిన్నని గీతగా మారిపోవును. సముద్రపు అలల తాకిడికి నేల ఎల్లప్పుడును సూక్ష్మముగా కదలుచునే ఉండును గనుక, వరుసగా సున్నలే కనిపించినచోట అనుభవజ్ఞుడు నేలను గాక పట్టీని అనుమానించును.

ఉపాధ్యాయులు దీనిని బడిలోనే చూపవచ్చును. వర్షమాపకము వద్ద ఐదు రోజుల లెక్క ఇది: 12 మిల్లీమీటర్లు, 0, చూడలేదు, 8, 0. చూచిన నాలుగు రోజుల సగటు 5. చూడని రోజును సున్నగా వ్రాసినచో సగటు 4కు దిగును. వాన తగ్గలేదు, పుస్తకము తప్పు చెప్పినది. కనుక వాన లేని రోజున 0 వ్రాయవలెను. చూడని రోజున ‘చూడలేదు’ అని వ్రాయవలెను. సర్వరు లాగ్ చదువువానికైనను, భూకంప పట్టీ చదువువానికైనను మొదటి పాఠము ఇదియే.