తొందరపాటుకు బలైన షెవర్లే వేగా

1960ల చివరికి అమెరికా రోడ్ల మీద చిన్న కార్లలో ఫోక్స్‌వ్యాగన్ బీటిల్‌కు తిరుగులేదు. దాని వెనకే జపాన్ నుంచి టయోటా, డాట్సన్ కార్లు దిగుతున్నాయి. అప్పటిదాకా ఎక్కువగా భారీ కార్లనే నమ్ముకున్న జనరల్ మోటార్స్, తామూ చిన్న కారు తెస్తున్నామని 1968లో ప్రకటించింది. రెండేళ్లు తిరిగేసరికి, 1970 సెప్టెంబరులో, ఆ కారు షెవర్లే వేగా పేరుతో షోరూములకు వచ్చింది. మనం అభిజిత్ అనే నక్షత్రం పాశ్చాత్యులకు వేగా. కారుకు ఆ పేరే పెట్టారు. మోటార్ ట్రెండ్ పత్రిక 1971 సంవత్సరపు మేటి కారుగా దీన్నే ఎంచింది.

వేగాలోని కొత్తదనమంతా ఇంజన్‌లో ఉంది. 2.3 లీటర్ల ఇంజన్ బ్లాకును సిలికాన్ ఎక్కువగా కలిపిన అల్యూమినియంతో పోతపోశారు. మామూలుగా అల్యూమినియం సిలిండర్లకు లోపల ఇనుప లైనర్లు వేస్తారు. పిస్టన్ రాపిడిని తట్టుకునేవి అవే. ఇక్కడ ఆ భారం గట్టి సిలికాన్ రేణువుల మీద పెట్టి లైనర్లు తీసేశారు. పైన హెడ్ మాత్రం పోత ఇనుముది, రేడియేటరేమో చిన్నది. కూలెంట్ తగ్గితే ఇంజన్ వేడెక్కి సిలిండర్లు దెబ్బతినేవి, హెడ్ గ్యాస్కెట్ పోయేది. వాల్వు సీళ్లు పాడై ఆయిల్ కాలిపోయేది.

బాడీదీ అదే కథ. తుప్పు పట్టకుండా దాన్ని ప్రైమర్ తొట్టిలో ముంచేవారు. ముందు చక్రాల మీది ఫెండర్ల పైభాగంలో గాలి చిక్కుకుని, అక్కడికి ప్రైమర్ అందేది కాదు. లోపలివైపు అడ్డుగా ఉండాల్సిన లైనర్లను ఖర్చు తగ్గించడానికి మానేశారు. మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లే రాష్ట్రాల్లో కొద్ది ఏళ్లకే ఫెండర్లకు చిల్లులు పడ్డాయి.

ఈ కార్లు ఎక్కువగా తయారైంది ఒహాయోలోని లార్డ్స్‌టౌన్ ఫ్యాక్టరీలో. గంటకు వంద కార్లు లక్ష్యం. అంటే ఒక్కో కార్మికుడి ముందు కారు ఉండేది 36 సెకన్లే. ఆ వేగాన్ని భరించలేక, పైగా మనుషుల్ని తగ్గించడంతో, 1972 మార్చిలో కార్మికులు మూడు వారాలు సమ్మె చేశారు. భద్రతా లోపాల వల్ల లక్షల వేగాలను కంపెనీ వెనక్కి పిలిపించి బాగుచేయాల్సి వచ్చిందీ ఆ ఏడాదే.

తర్వాత ఒక్కొక్కటే సరిదిద్దారు. 1976 మోడల్ ఇంజన్‌కు ఐదేళ్లు లేదా 60,000 మైళ్ల వారంటీ కూడా ఇచ్చారు. అప్పటికే పేరు పోయింది. సుమారు 20 లక్షల కార్లు చేశాక 1977లో ఉత్పత్తి ఆపేశారు.

సరిగ్గా ఆ ఏడాదే పోర్షే 928 వచ్చింది. దాని ఇంజన్ కూడా లైనర్లు లేని, సిలికాన్ కలిసిన అల్యూమినియందే. అది నిలబడింది. కాబట్టి వేగాను ముంచింది కొత్త ఆలోచన కాదు. ఆ ఆలోచన పండేదాకా ఆగలేని తొందర, అవసరమైన చోట కూడా డాలర్లు మిగుల్చుకోవాలన్న లెక్క. ఆ రెండింటికీ మూల్యం చెల్లించింది కంపెనీని నమ్మి కారు కొన్న మామూలు కుటుంబాలు. తయారీ రంగంలో ఎవరున్నా మరువకూడని పాఠం ఇది: పరీక్ష ఫ్యాక్టరీలో పూర్తికాకపోతే, అది కొన్నవాడి నెత్తిన పడుతుంది.