కాలా పానీ వెనుక కలాలు

1984లో దూరదర్శన్‌కు 'హమ్ లోగ్' రాసిన మనోహర్ శ్యామ్ జోషి అప్పటికే నవలాకారుడు, పత్రికా సంపాదకుడు. ఖరగ్‌పూర్ ఐ.ఐ.టి.లో చదివిన బిశ్వపతి సర్కార్ దారి వేరు. ఇంటర్నెట్ హాస్య వీడియోలు రాస్తూ, 2014లో 'పర్మనెంట్ రూమ్‌మేట్స్' దాకా వచ్చారు. అండమాన్‌లో మహమ్మారి ఇతివృత్తంగా 2023లో నెట్‌ఫ్లిక్స్‌లో వెలువడిన 'కాలా పానీ'ని ఆయన, మరికొందరు కలిసి రాశారు. ఇప్పుడీ వృత్తిలో ఒంటరి కలం అరుదు.

వారు జారవాలను కాక, 'ఒరాకా' అనే కల్పిత తెగను ఎంచుకున్నారు. అది సరైన నిర్ణయమే. తమపై వచ్చిన కథకు జారవాలు జవాబు చెప్పుకోలేరు కదా! కథలో రోగానికి విరుగుడు ఒరాకాలకు తెలుసు. చరిత్రలో అలా జరగలేదు. 1858లో ఖైదీల వలస స్థావరం ఏర్పడ్డాక బయటివారితో సిఫిలిస్ వచ్చింది, 1877లో తట్టు వ్యాపించింది. వేలల్లో ఉండిన గ్రేట్ అండమానీయులు 1961 జనగణన నాటికి 19 మంది.