శివాజీనగరపు గోపురము

ఉగాది సరకులకై రస్సెల్ మార్కెట్టుకు పోవు మనవారిలో ఎందరు ప్రక్కనున్న సెయింట్ మేరీస్ చర్చి వంక తలయెత్తి చూచియుందురు? 19వ శతాబ్ది తొలి దినములలో అచట అబ్బే దుబ్వా అను ఫ్రెంచి గురువు కట్టించినది పూరికప్పు ప్రార్థనామందిరము మాత్రమే. సెంజి ప్రాంతమునుండి వలసవచ్చిన తమిళ కుటుంబములు ఆ పేటలో కాపురముండెడివి. నేటి గోథిక్ కట్టడము ఫాదర్ క్లైనర్ పూనికతో 1875లో ఆరంభమై 1882లో పూర్తియైనది. గోపురము ఎత్తు సుమారు 160 అడుగులు.

ఈ పద్ధతికి ఆయువుపట్టు మొనదేలిన కమాను. అర్ధవృత్తపు కమాను పైబరువును ప్రక్కలకు ఎక్కువగా నెట్టును. మొనదేలినది ఆ బరువులో పెద్దభాగమును నిలువునా క్రిందికి దింపును. అందుచే గోడలలో పొడవైన కిటికీలు తెరచి, రంగుటద్దములగుండా వెలుగును లోనికి రప్పింప వీలైనది.

రెండవ ప్రపంచయుద్ధకాలమున ఆ అద్దములను భద్రముకొరకు ఊడదీసిరి. 1947లో తిరిగి అమర్చిరి. కట్టుట ఒక ఎత్తు, ఆపదలో దాచి మరల నిలుపుకొనుట ఒక ఎత్తు. పొట్ట చేతబట్టుకొని ఈ ఊరు చేరిన మనము మన భాషను పిల్లలకు అప్పగించుటయు అట్టి పనియే.