వ్యాసరూప ప్రశ్న

వ్యాసరూప ప్రశ్న అనగా విద్యార్థి సమాధానాన్ని సొంత వాక్యాలలో, కొన్ని పేరాలుగా వ్రాయవలసిన పరీక్షా ప్రశ్న. ఆంధ్ర ప్రదేశ్ పదవ తరగతి పరీక్షలలో ఇవి లఘు సమాధాన, లక్ష్యాత్మక ప్రశ్నలతో పాటు ఉంటాయి.

ప్రయోజనం

"అనంతపురం జిల్లా సగటు వార్షిక వర్షపాతం ఎంత?" అన్న ప్రశ్నకు సుమారు 550 మిల్లీమీటర్లు అన్న అంకె చాలు. దానిని బట్టీ పట్టవచ్చు. "ఈ జిల్లాలో తరచుగా కరవు రావడానికి కారణాలను వివరించండి" అన్నప్పుడు మాత్రం పడమటి కనుమల వర్షచ్ఛాయ, తేమను నిలుపుకోని పలుచని ఎర్ర నేలలు, వర్షాధారపు వేరుశనగ సాగు, అడుగంటిన భూగర్భ జలాలు, వీటి మధ్య గల సంబంధాన్ని చూపవలసి ఉంటుంది. వర్షాభావం పంట నష్టంగా, నష్టం అప్పుగా, అప్పు వలసగా ఎలా మారుతుందో విద్యార్థి గ్రహించినదీ లేనిదీ ఇటువంటి సమాధానంలోనే తెలుస్తుంది.

పరిమితులు

దిద్దేవారిని బట్టి మార్కులు మారడం వీటి ప్రధాన లోపం. 1912లో అమెరికాలో డేనియల్ స్టార్చ్, ఎడ్వర్డ్ ఇలియట్ ఒకే ఆంగ్ల జవాబు పత్రాన్ని అనేకమంది ఉపాధ్యాయులచే దిద్దించగా, 100కు 30కి పైగా మార్కుల తేడా కనిపించింది. ఏ అంశానికి ఎన్ని మార్కులో ముందే నిర్ణయించుకుంటే ఈ తేడా తగ్గుతుంది. గైడులోని జవాబును కంఠస్థం చేసి వ్రాసినచో ప్రశ్న ఉద్దేశం నెరవేరదు. అందువలన "మీ గ్రామంలో కరవు ప్రభావాన్ని వివరించండి" వంటి, గైడులో సమాధానం దొరకని ప్రశ్నలు అడగడం మేలు.