ప్లాస్టిక్కులో మిగిలిన తగరము

ఇత్తడి పాత్రకు కళాయి పూసినచో చింతపండు పులుసు చిలుమెక్కదని తెలుగు గృహిణులు తరతరములుగా ఎరుగుదురు. ఆ కళాయి తగరమే. స్వచ్ఛమైన లోహముగా ఉన్నపుడు తగరము వలన భయము లేదు. కాని అదే తగరము కర్బన పరమాణువులతో నేరుగా బంధింపబడినచో ఘోరవిషము కాగలదు.

ఈ సంగతి 1954లో ఫ్రాన్సు దేశమున విషాదకరముగా వెల్లడి అయినది. అచ్చట సెగగడ్డలకు మందుగా 'స్టాలినాన్' అను గుళికలను అమ్మిరి. అందు వాడినది డైఇథైల్ తగర సమ్మేళనము. దానిలో ట్రైఇథైల్ తగరము మలినముగా చేరియుండెను. మెదడు వాచి సుమారు 100 మంది మరణించిరి.

పాలిమరుల చరిత్రలోను మలినముల ప్రశ్న ఎదురైనది. వేలకొలది చిన్న అణువులు గొలుసుగా కలియుటకు తరచుగా ఉత్ప్రేరకము కావలెను. ఉత్ప్రేరకము తాను వ్యయము కాకుండ రసాయనిక చర్యను త్వరితపరచునని విద్యార్థులు చదువుదురు. వ్యయము కానిది ఎచ్చటికి పోవును? కొంత తయారైన పదార్థములోనే చిక్కుకొనియుండును. నీళ్ల బకెట్టు విషయమున ఇది అంతగా పట్టించుకొనవలసినది కాదు. శరీరములో అమర్చు వస్తువు సంగతి వేరు.

1966లో అమెరికాలో కులకర్ణి, ఆయన సహచరులు పాలిలాక్టిక్ ఆమ్లము శస్త్రచికిత్సకు పనికివచ్చునని ప్రకటించిరి. అది శరీరములోని నీటివలన విచ్ఛిన్నమై లాక్టిక్ ఆమ్లముగా మారును. పెరుగుకు పులుపునిచ్చునదియు లాక్టిక్ ఆమ్లమే. ఈ పాలిమరు తయారీలో తరువాత విరివిగా వాడుకలోనికి వచ్చిన ఉత్ప్రేరకము స్టానస్ ఆక్టోయేటు. ఇందు తగరము కర్బనముతో గాక ఆక్సిజనుతో బంధింపబడియున్నది. కావున ఇది ట్రైఇథైల్ తగరమంతటి విషము కాదు. అయినను నిరపాయకరమని చెప్పరాదు. పాలిమరు విచ్ఛిన్నమగుకొలది లోపల దాగిన తగరము బయటపడగలదు. ఇట్టి ఉత్ప్రేరకములు జీవకణములకు ఎంత హాని చేయునో 1994లో ఇటలీ శాస్త్రజ్ఞులు పరీక్షించిరి.

దీనికి నివారణోపాయము కలదు. పాలిమరును తగిన ద్రావణిలో కరగించి ఆల్కహాలులో పోసినచో పాలిమరు అవక్షేపమగును. ఉత్ప్రేరకములో చాల భాగము ద్రవములోనే నిలుచును. పిదప మిగిలిన దానిని కొలువవలెను. సూదిమందు ద్వారా దినమునకు 600 మైక్రోగ్రాములకు మించి తగరము శరీరములో చేరరాదని ఐ.సి.హెచ్. అను అంతర్జాతీయ సంస్థ 2014లో మితి నిర్ణయించినది. హైదరాబాదులో తయారై అమెరికా, ఐరోపాలకు పోవు సూదిమందులకును ఈ మితి వర్తించును.

కళాయిలోని తగరము వంటింటిని కాపాడినది. గుళికలోని తగరము ప్రాణములు తీసినది. కావున ఒక వస్తువులో ఏమి మిగిలినది, ఏ రూపమున మిగిలినది, ఎంత మిగిలినది అని విచారించిన పిదపనే దానిని శరీరములో ఉంచవలెను.